మెడ నిలిచిందా... మాట వచ్చిందా?

వ్యాధితో పాటు ఎదుగుదలనూ పరిశీలించాలి
పిల్లల వార్డులో వైద్య విద్యార్థులు గమనించవలసిన అంశాలు

కర్నూలు: పిల్లల వార్డులో అడుగుపెట్టిన వైద్య విద్యార్థికి ఎదురయ్యే మొదటి చిక్కు రోగి మాట్లాడకపోవడం. నొప్పి ఎక్కడో చెప్పలేడు. ఎన్నాళ్ళ నుంచో చెప్పలేడు. స్టెతస్కోపు చూడగానే ఏడుపు లంకించుకుంటాడు. తల్లి చెప్పినదే వ్యాధి చరిత్ర, కంటికి కనిపించినదే సగం పరీక్ష. పాఠ్యగ్రంథంలో ఎదుగుదల ఒక అధ్యాయం, అతిసారం మరొక అధ్యాయం, న్యుమోనియా ఇంకొక అధ్యాయం. మంచం మీది బిడ్డలో ఇవన్నీ కలిసే ఉంటాయి. పది నెలల బిడ్డకు దగ్గు మందు రాయడం కష్టమైన పని కాదు. ఆ బిడ్డ ఇంకా కూర్చోవడం లేదన్న సంగతిని ఆ రోజే గమనించకపోతే మళ్ళీ ఎవరు, ఎప్పుడు గమనిస్తారన్నది ప్రశ్న.

అరిసెలు ఎప్పుడు పంచారమ్మా?

'మీ బాబుకు ఏ నెలలో మెడ నిలిచింది?' అని అడిగితే చాలామంది తల్లులు తడుముకుంటారు. నెలలు, తేదీలు వారికి గుర్తుండవు. పండుగలు, వేడుకలు గుర్తుంటాయి. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు చేసి ఇరుగుపొరుగుకు పంచడం మన ఇళ్ళలో ఆచారం. 'అరిసెలు పంచినప్పుడు సంక్రాంతి దాటిందా?' అని అడిగితే తల్లి వెంటనే చెబుతుంది. పుట్టిన నెల నుంచి లెక్క కట్టుకోవడం విద్యార్థి పని. మన పెద్దలు బిడ్డ ఎదుగుదలకు పెట్టుకున్న ఈ గుర్తులు వైద్యునికి ఇంతగా ఉపకరించడం ఆశ్చర్యమే.

సాధారణంగా 2 నెలలకు బిడ్డ పలకరిస్తే నవ్వుతుంది. నిద్రలో నవ్వే నవ్వు ఈ లెక్కలోకి రాదు. 3 - 4 నెలలకు మెడ నిలుస్తుంది. 5 నెలల ప్రాంతంలో బోర్లా పడుతుంది. 6 నెలలకు చేతులు ముందుకు ఆనించి కూర్చుంటుంది, 8 నెలలకు ఏ ఆసరా లేకుండా కూర్చుంటుంది. 9 నెలలకు పట్టుకుని నిలబడుతుంది. ఏడాది నుంచి 15 నెలల లోపు తప్పటడుగులు వేస్తుంది. రెండేళ్ళకు ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనిస్తూ మెట్లెక్కుతుంది. మూడేళ్ళకు మెట్టుకొక పాదం చొప్పున ఎక్కడమే కాక, మూడు చక్రాల సైకిలు కూడా తొక్కుతుంది.

చేతి నేర్పు పరీక్షకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. రాయలసీమ ఇళ్ళలో ఎప్పుడూ ఉండే బొరుగులు చాలు. 6 నెలల బిడ్డ వస్తువును అరచేత్తో గుప్పిట పడుతుంది. 9 నెలలకు బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఏడాదికి ఒక్క బొరుగు గింజను సైతం నేర్పుగా ఎత్తుతుంది. ఎత్తిన గింజ నోటికి పోకుండా, గొంతుకు అడ్డుపడకుండా చూసుకోవలసిన బాధ్యత పరీక్షించేవారిదే. ఏడాది నిండకముందే బిడ్డ ఎప్పుడూ ఒకే చేతిని వాడుతుంటే తల్లి 'ఎడమచేతి వాటం' అని సంబరపడవచ్చు. విద్యార్థి మాత్రం రెండో చేతిలో బలహీనత ఉందేమో చూడాలి.

ఈ నెలలన్నీ సగటు లెక్కలే. ఒక నెల అటూ ఇటూ అయినంత మాత్రాన తల్లిని భయపెట్టరాదు. అయితే దాటకూడని గీతలు కొన్ని ఉన్నాయి. 3 నెలలు నిండినా పలకరింపుకు నవ్వకపోవడం, 5 నెలలకు మెడ నిలవకపోవడం, 10 నెలలకు కూర్చోకపోవడం, ఏడాదిన్నరకు నడవకపోవడం, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి పలకకపోవడం అటువంటివి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు లెక్క వేరు. రెండు నెలలు ముందుగా పుట్టి ఇప్పుడు ఆరు నెలల వయసున్న బిడ్డను నాలుగు నెలల బిడ్డగానే పరిగణించాలి. ఈ సవరణ రెండేళ్ళ వరకు వర్తిస్తుంది. పరీక్షల్లో విద్యార్థులు తరచుగా మరచిపోయే అంశం ఇది.

వచ్చిన విద్య పోతే...

ఎదుగుదల ఆలస్యం కావడం ఒకటి, వచ్చినది పోవడం మరొకటి. రెండోది ఏ వయసులో కనిపించినా తీవ్రంగా పరిగణించవలసిందే. వీటిలో విద్యార్థి తప్పక గుర్తుంచుకోవలసినది విటమిన్ బి12 లోపం. శాకాహారం మాత్రమే తీసుకునే, లేదా మాంసం, గుడ్లు, పాలు కొనే స్తోమత లేని తల్లి పాలలో బి12 తక్కువగా ఉంటుంది. ఆరు నెలలు దాటినా ఇతర ఆహారం మొదలుపెట్టకుండా తల్లిపాల మీదనే ఉంచిన బిడ్డకు ఆ కొరత సంక్రమిస్తుంది. నిన్నటి దాకా నవ్విన బిడ్డ నవ్వడం మానేస్తుంది. కూర్చున్న బిడ్డ వాలిపోతుంది. చర్మం పాలిపోతుంది, వేళ్ళ కణుపుల మీద నలుపు చేరుతుంది, జుట్టు పలచబడి రంగు మారుతుంది. కొందరిలో చేతులు, తల వణుకుతాయి. బిడ్డ చూడటానికి బొద్దుగానే ఉండవచ్చు. అందుకే పోషకాహార లోపమన్న ఆలోచన చాలామందికి రాదు.

ఇది చికిత్సకు లొంగే జబ్బు. బి12 ఇచ్చిన కొద్ది రోజులకే బిడ్డ ముఖంలో చురుకుదనం తిరిగి రావడం వార్డులో చూడదగిన దృశ్యం. ఆలస్యమైతే మాత్రం మెదడు ఎదుగుదలలో లోటు మిగిలిపోతుంది. రక్తహీనత కనిపించింది కదా అని బి12 సంగతి చూడకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇవ్వడం ప్రమాదకరం. రక్తం మెరుగుపడినట్లు కనిపించినా నాడుల పరిస్థితి క్షీణించవచ్చు. బిడ్డతో పాటు తల్లికీ చికిత్స చేయాలి.

డొక్కలు ఎగరేస్తుంటే గడియారం చూడాలి

దగ్గు, జలుబు పిల్లలకు అతి సాధారణం. వాటిలో ఏది న్యుమోనియా అని తేల్చడానికి ఎక్స్‌రే కంటే ముందు కావలసినది సెకన్ల ముల్లున్న గడియారం. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, చొక్కా పైకెత్తి, పూర్తిగా ఒక నిమిషం పాటు శ్వాసలు లెక్కించాలి. రెండు నెలల లోపు శిశువులో నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40 లేదా అంతకు మించి ఉంటే వేగంగా ఊపిరి తీసుకుంటున్నట్లు లెక్క. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసే అలవాటు విద్యార్థుల్లో ఉంది. పిల్లల శ్వాస ఒకే తీరుగా ఉండదు కనుక ఆ లెక్క తప్పుతుంది.

తల్లులు 'డొక్కలు ఎగరేస్తున్నాడు' అంటే ఆ మాటను తేలికగా తీసుకోరాదు. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి పోతోందేమో చూడాలి. 'పిల్లికూతలు' అంటే ఊపిరి వదిలేటప్పుడు వచ్చే ఈల వంటి శబ్దం. ఉబ్బసం వంటి కారణాల వల్ల అది వస్తుంది, చికిత్స వేరు. బిడ్డ పాలు తాగలేకపోవడం, తాగినదంతా కక్కడం, ఫిట్స్ రావడం, మత్తుగా పడి ఉండటం - ఈ నాలుగింటిలో ఏది కనిపించినా వయసు, వ్యాధితో నిమిత్తం లేకుండా వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి.

విరేచనాలు.. పళ్ళ మీద నింద

ఆరేడు నెలలకు పాలపళ్ళు రావడం, బిడ్డ పాకుతూ నేల మీది వస్తువులు నోట్లో పెట్టుకోవడం, పైఆహారం మొదలవడం ఒకే కాలంలో జరుగుతాయి. విరేచనాలు అప్పుడే వస్తాయి. నింద మాత్రం పళ్ళ మీద పడుతుంది. 'పళ్ళు వస్తున్నాయి, అవే తగ్గుతాయి' అని ఇంట్లోనే ఉంచిన బిడ్డ కళ్ళు గుంటలు పడి, మాడు లోపలికి పోయిన స్థితిలో ఆసుపత్రికి చేరుతుంది. పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలితే అది వెనక్కి పోవడానికి రెండు సెకన్లకు మించి పడితే, దానితో పాటు బిడ్డ మత్తుగా ఉన్నా, కళ్ళు గుంటలు పడినా, నీళ్ళు తాగలేకపోయినా తీవ్రమైన నిర్జలీకరణగా భావించి సెలైన్ ఎక్కించాలి. కిలోకు 100 మిల్లీలీటర్ల చొప్పున, ఏడాది లోపు బిడ్డకైతే తొలి గంటలో 30, తరువాతి ఐదు గంటల్లో 70 మి.లీ. ఇస్తారు. అంత తీవ్రత లేకుండా కొంత నిర్జలీకరణ ఉన్నప్పుడు కిలోకు 75 మి.లీ. ఓఆర్ఎస్‌ను నాలుగు గంటల్లో కొద్దికొద్దిగా తాగిస్తే సరిపోతుంది.

ఈ సాదాసీదా ద్రావణం వెనుక పెద్ద చరిత్రే ఉంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన బనగావ్ శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోటి ద్వారా తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపునకు తగ్గాయి. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. ఇప్పుడు వాడుతున్నది లీటరుకు 245 మిల్లీ ఆస్మోల్స్ గాఢత గల ద్రావణం. ఓఆర్ఎస్ పేరుతో అమ్ముడవుతున్న తీపి పానీయాలపై హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ పానీయాలపై ఓఆర్ఎస్ అన్న పదం వాడరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. చక్కెర ఎక్కువైతే విరేచనాలు మరింత పెరుగుతాయన్నది ఇక్కడి శాస్త్రం.

ఓఆర్ఎస్‌తో పాటు జింకు 14 రోజులు ఇవ్వాలి. ఆరు నెలల లోపు బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20. విరేచనాలు తగ్గగానే తల్లులు ఆపేస్తారు కనుక పూర్తిగా వాడాలని రెండుసార్లు చెప్పాలి. తల్లిపాలు మానిపించరాదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు గంజి, మజ్జిగ ఇవ్వవచ్చు. రోటా వైరస్ టీకాను 2016లో సార్వత్రిక టీకాల కార్యక్రమంలో చేర్చినప్పుడు తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన టీకా కూడా అందులో ఉంది.

గుక్క పట్టడం, ఫిట్స్ ఒకటి కావు

కోపంతోనో దెబ్బ తగిలో ఏడ్చి ఏడ్చి గుక్క పట్టి, నీలంగా మారి, కాసేపు స్పృహ తప్పే పిల్లలుంటారు. తల్లి దీనిని ఫిట్స్ అనే చెబుతుంది. ముందు ఏడుపు ఉందా అన్న ఒక్క ప్రశ్న చిక్కుముడిని చాలావరకు విప్పుతుంది. గుక్క పట్టే పిల్లల్లో ఇనుము లోపం ఉండవచ్చు. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువగా ఉంటే ఐదేళ్ళ లోపు బిడ్డకు రక్తహీనత ఉన్నట్లే. మట్టి తినే అలవాటు ఉందేమో కూడా అడగాలి.

జ్వరంతో వచ్చే ఫిట్స్ ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో కనిపిస్తాయి. పావుగంట లోపు ఆగిపోయి, ఒంటికంతటికీ వచ్చి, ఆ రోజు మళ్ళీ రాకపోతే సాధారణంగా ప్రమాదం లేదు. అయితే చిన్న శిశువు విషయంలో మెదడువాపు, మెనింజైటిస్ కావని నిర్ధారించుకోకుండా ఆ మాట చెప్పకూడదు. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా దూర్చడం ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టడం, సమయం చూసుకోవడం, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకురావడం - చెప్పవలసినవి ఇవే.

వస పోస్తే మాటలు వస్తాయా?

రెండు మూడు నెలలకు 'ఉంగా' అనడం, ఆరు నెలలకు ఒక్కో అక్షరం, తొమ్మిది నెలలకు 'తాత', 'మామ' వంటి జంట శబ్దాలు, ఏడాదికి అర్థంతో ఒకటి రెండు మాటలు, ఏడాదిన్నరకు ఎనిమిది పది మాటలు రావాలి. మాట రాకపోతే ఇంట్లో వసకొమ్ము అరగదీసి నాకిస్తారు. లేదా 'వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి' అని సరిపెట్టుకుంటారు. మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ మొదట చేయవలసినది వినికిడి పరీక్ష. పుట్టు చెవుడున్న బిడ్డ కూడా తొలి నెలల్లో ఉంగా కొడుతుంది కనుక తల్లిదండ్రులకు అనుమానం రాదు. నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స మొదలు కావాలన్నది నియమం. మెనింజైటిస్ నుంచి కోలుకున్న బిడ్డకు ఇంటికి పంపే ముందే వినికిడి పరీక్ష చేయించాలి.

చెవులు బాగానే ఉండి మాట రాకపోతే బిడ్డ కళ్ళలోకి చూస్తోందా, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతోందా, కావలసినది వేలితో చూపిస్తోందా అని గమనించాలి. ఇవి లోపిస్తే ఆటిజం దృష్టితో పరీక్ష అవసరం. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇటువంటి పిల్లల కోసం జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పడ్డాయి. అక్కడికి పంపే చీటీ రాయడం విద్యార్థి దశలోనే నేర్చుకోవాలి.

సుగ్గికి పోయే కుటుంబాలు

జిల్లా పశ్చిమ ప్రాంతమైన కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు నుంచి వేల కుటుంబాలు మిరప కోతల కోసం గుంటూరు వైపు సుగ్గికి వెళతాయి. చంకలో బిడ్డ కూడా వెళుతుంది. తల్లీబిడ్డల రక్షణ కార్డు తరచుగా ఇంట్లోనే ఉండిపోతుంది. 9 నెలలకు వేయవలసిన తట్టు టీకా, దానితో ఇచ్చే లక్ష యూనిట్ల విటమిన్ ఎ తప్పిపోతాయి. తట్టు వచ్చిన బిడ్డ న్యుమోనియాతో, అతిసారంతో తిరిగి వస్తుంది. జ్వరం, కళ్ళ ఎరుపు, దగ్గు మొదలైన మూడు నాలుగు రోజులకు చెవుల వెనుక నుంచి పైకి తేలే దద్దుర్లు చూసి 'అమ్మవారు' అని గుడికి తీసుకువెళ్ళి ఆసుపత్రికి ఆలస్యంగా రావడం కూడా ఉంది.

అందువల్ల బిడ్డను ఇంటికి పంపే రోజున 'మళ్ళీ ఎప్పుడు రావాలి' అని చెప్పడంతో పాటు 'అప్పుడు మీరు ఏ ఊరిలో ఉంటారు' అని కూడా అడగాలి. తరువాతి టీకా తేదీ, ఈనాటి బరువు, బిడ్డ ఇప్పుడు చేయగలిగిన పనులు ఒక కాగితం మీద తెలుగులో రాసి, దానిని కార్డుకు జతచేసి, బట్టల మూటలోనే పెట్టుకుపొమ్మని తల్లికి చెప్పాలి. గుంటూరు వైపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూసేవారికి ఆ కాగితమే బిడ్డ చరిత్ర అవుతుంది.