తనిఖె అంటే తనిఖీ కాదు: పావగడలో నేరాలు, విచారణకు ముందరి దశలు

తుమకూరు జిల్లాకు చెందినా పావగడ తాలూకాకు దాదాపు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. ఊళ్లలో మాట తెలుగు. స్టేషనులోనూ కోర్టులోనూ కాగితం కన్నడం. లిపి దగ్గరిదే, మాటలూ చాలావరకు ఎరిగినవే. చిక్కంతా అందులోనే ఉంది. కన్నడ ‘తనిఖె’ అంటే నేర దర్యాప్తు. మన ‘తనిఖీ’ అనుకుంటే ఏదో చూసిపోయే పనిలా తోస్తుంది. ‘దూరు’ అంటే ఫిర్యాదు. మనకేమో దూరడమంటే నిందించడం. ‘బంధన’ అరెస్టు, ‘ఆరోపి’ ముద్దాయి. ‘జామీను’ మాత్రం ఇరువురి సొత్తు.

2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నేర విచారణ విధానానికి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులో ఉన్నాయి. నేరం ఎలాంటిదో తెలియడానికి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయవచ్చునా? జామీను హక్కా, లేక కోర్టు విచక్షణా? ఈ రెండూ ఒకటేనని చాలామంది పొరపడతారు. చేని గెనిమ తగాదాలో ఒకడు చెంపదెబ్బ కొట్టాడనుకుందాం. పోలీసులు పుస్తకంలో రాసుకుని ఫిర్యాదిని మేజిస్ట్రేటు వద్దకు పంపుతారు. ఆయన ఉత్తర్వు లేనిదే దర్యాప్తు చేయరాదు. అదే దెబ్బకు చెయ్యి విరిగితే వెంటనే కేసు, వారంటు లేకుండా అరెస్టు. అయినా జామీను హక్కుగానే దొరుకుతుంది. మారణాయుధంతో విరగ్గొడితే ఆ హక్కు పోతుంది.

ఇలా వారంటు అక్కరలేని నేరమైతే, అది మడకశిర వైపు జరిగినా పావగడలో ఫిర్యాదు ఇవ్వవచ్చు. సరిహద్దు ఊళ్లకు ఇది చిన్న మేలేమీ కాదు. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, చదివి వినిపించి, ఆపైనే సంతకం తీసుకోవాలి, నకలు ఉచితం. తెలుగులో చెప్పిన మాట కన్నడ కాగితంగా మారేది ఇక్కడే. అర్థం తెలుగులో చెప్పమని అడగకుండా వేలిముద్ర వేస్తే తరువాత సరిదిద్దుకోవడం కష్టం. దర్యాప్తులో పోలీసులు రాసుకునే సాక్షి వాఙ్మూలం మీద మాత్రం సంతకం పెట్టనక్కరలేదు, పెట్టించుకోకూడదు కూడా.

అరెస్టుకు కారణాలను నిందితుడికి తెలిసిన భాషలో, రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో తీర్పు చెప్పింది. ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాలి. పదేళ్లూ ఆపైన శిక్షపడే నేరాల్లో 90 రోజుల్లో, తక్కినవాటిలో 60 రోజుల్లో అభియోగపత్రం రాకపోతే, అడిగి పూచీ ఇచ్చినవారికి జామీను హక్కవుతుంది. అడగకపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు.

సాక్ష్యం ముద్దాయికి తెలియని భాషలో ఉంటే, కోర్టులోనే అతడికి తెలిసిన భాషలో వివరించాలని చట్టం. కాని అది విచారణ మొదలైన తరువాతి మాట. అంతకుముందు చేతికిచ్చే అభియోగపత్రం కట్టను తర్జుమా చేసి ఇవ్వాలని సంహితలో ఎక్కడా లేదు. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. తెలుగు వచ్చిన వకీలు కావాలని తాలూకా న్యాయ సేవల సమితిని మొదటి రోజే అడగవచ్చు.