గాదెకు కావలియైన పిల్లి – వీధిపిల్లుల నుండి రక్షణ

ధాన్యము నిలువచేయు ఇంట ఎలుకల బెడద తప్పదు. అందుచే పెక్కుమంది రైతులు పిల్లిని పెంచుదురు. పగలు ఇంటిలో పాలు త్రాగి పడుకొను ఈ పిల్లి, రాత్రి గోడ దాటి వీధిపిల్లులతో కలియును. ఇందువలన పిల్లికే గాక ఇంటివారికి కూడ ప్రమాదము కలదు.

కలుగు కీడు

పోట్లాటలు: గండుపిల్లులు ఆడుపిల్లుల కొరకును, తాము తిరుగు మేర కొరకును పోట్లాడును. కోరల గాటు పైకి చిన్నదిగా కనబడి త్వరగా మూసుకొనిపోవును. లోపల మాత్రము చీముగడ్డ ఏర్పడును. పిల్లి తిండి మాని మూలనుండినచో ఒడలంతయు తడిమి చూడవలెను.

పాన్‌ల్యూకోపీనియా: ఇది వైరస్ వలన వచ్చు అంటువ్యాధి. జ్వరము, వాంతులు, విరేచనములు కలిగి పిల్లికూనలు కొద్ది దినములలోనే చనిపోవును. ఈ వైరస్ సంవత్సరము వరకు కూడ నశింపక నిలువగలదు. మన చెప్పుల వెంటనైనను ఇంటికి రావచ్చును.

రేబిస్: పిచ్చికుక్క గాని, ఈ వ్యాధి సోకిన వీధిపిల్లి గాని కరచినచో మన పిల్లికి ఇది సోకును. దాని నుండి మనుష్యులకు వచ్చును. లక్షణములు బయటపడిన పిమ్మట ప్రాణము దక్కుట దాదాపు అసాధ్యము.

చేయవలసిన పనులు

1. పాన్‌ల్యూకోపీనియా టీకాను 6–8 వారముల వయస్సున మొదలుపెట్టి, 16 వారములు నిండువరకు 3–4 వారముల కొకసారి వేయించవలెను. 3 నెలలు నిండిన పిమ్మట రేబిస్ టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువున మరల వేయించుచుండవలెను.

2. పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించినచో గండుపిల్లి తిరుగుటయు, పోట్లాడుటయు చాలవరకు తగ్గును.

3. రాత్రివేళ పిల్లిని ధాన్యపు కొట్టులోనే ఉంచవలెను. ఎలుకలు తిరుగునది ముఖ్యముగా రాత్రులందే గనుక పని చెడదు. కిటికీలకు ఇనుపవల కొట్టించి, లోపల నీటిచిప్ప, ఇసుక పళ్లెము అమర్చవలెను. ఇసుకను దినదినము శుభ్రపరచవలెను. ధాన్యముపై మూత ఉండవలెను.

4. మిగిలిన అన్నము, చేపముళ్లు వాకిట వేయరాదు. అవి వీధిపిల్లులను పిలిచి తెచ్చును.

5. పిల్లి తిరుగు చోట ఫినాయిలు వాడరాదు. కాళ్లకంటిన దానిని నాకినచో పిల్లికి విషమగును. జబ్బుపిల్లి ఉన్నచోటును ముందు కడిగి, 1 వంతు బట్టల బ్లీచ్ ద్రావణమునకు 32 వంతులు నీరు కలిపి తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతనే పిల్లిని రానీయవలెను.

పిల్లి కరచినను, గీరినను గాయమును వెంటనే ధారగా పోయు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. సున్నము, కారము పెట్టరాదు.

కొందరు వీధిపిల్లులకు విషము పెట్టుదురు. ఇది 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. అదియుగాక విషమునకు వీధిపిల్లి, ఇంటిపిల్లి అను భేదము తెలియదు. ఊరివారు కలిసి పశువైద్యుని సహాయమున వీధిపిల్లులకు కూడ టీకాలు, శస్త్రచికిత్స చేయించుట ఉత్తమ మార్గము.