టెలిఫోను సంస్థల విలీనము

రీఛార్జి చేయించుకొనుటకు వీధిచివరి అంగడికి పోవు గృహిణి, తన ప్యాకు 28 దినములకే ముగియుననియు, ఆ లెక్కను సంవత్సరమునకు పండ్రెండు మారులు గాక పదమూడు మారులు సొమ్ము చెల్లింపవలసి వచ్చుననియు వ్రేళ్ల కణుపులు లెక్కించి చెప్పగలదు. ధర గిట్టనిచో మరియొక సంస్థకు మారవచ్చునను ధైర్యమే ఆమెకు దిక్కు. సంస్థలు ఒకదానిలో నొకటి కలిసిపోవునపుడు ఆ ధైర్యమును కాపాడుటకే ప్రభుత్వ నియంత్రణ యేర్పడినది.

2016 సెప్టెంబరులో జియో ప్రవేశించి కొన్ని నెలలు ఉచితముగా సేవలందించుటతో పాత సంస్థల రాబడి తగ్గిపోయెను. 2017 మార్చి 20వ తేదీన వొడాఫోన్ ఇండియా, ఐడియా సెల్యులార్ తమ విలీనమును ప్రకటించినవి. కాంపిటీషన్ కమిషను ఆ జూలైలోనే సమ్మతించెను గాని, టెలికాం శాఖ, కంపెనీ లా ట్రైబ్యునలు అనుమతులు కూడ లభించి కార్యము పూర్తియగుసరికి 2018 ఆగస్టు 31 వచ్చెను. 40 కోట్లకు పైబడిన చందాదారులు ఒక్క గొడుగు క్రిందికి వచ్చిరి.

ఇంత జాప్యమేల యనవచ్చును. వాయుతరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినది. కావున వేలము లేకుండ పూర్వము పొందిన తరంగములతో విలీనము కాదలచిన సంస్థ, నేటి ధరకును నాటి ధరకును గల వ్యత్యాసమును ఖజానాకు చెల్లింపవలెను. ఈ విలీనమున ప్రభుత్వము కోరిన 7,268 కోట్ల రూపాయలలో 3,926 కోట్లు నగదుగాను, తక్కినది బ్యాంకు గ్యారంటీగాను, ఆక్షేపణ తెలుపుచునే ఆ సంస్థలు సమర్పించినవి. మరియు 2014 నాటి నిబంధనల ప్రకారము, దేశమందలి 22 సర్కిళ్లలో దేనియందును విలీన సంస్థ వాటా నూటికి ఏబదికి మించరాదు. మించినచో ఏడాదిలో తగ్గించుకొనవలెను. రాష్ట్రము రెండైనను, ఈ లెక్కలో మనము నేటికిని ఆంధ్రప్రదేశ్ సర్కిలను ఒక్క పేరుననే యున్నాము.

ఈ తూనికలు అవసరమే. అయినను 2008 నాటి నియమము నాకెక్కువ నచ్చినది. విలీనానంతరము ప్రతి సర్కిలునందును కనీసము నాలుగు సంస్థలు మిగిలి తీరవలెనని అది శాసించెను. ఒక సంస్థ యెంత పెద్దదను ప్రశ్నకంటె ప్రజకు ఎన్ని తలుపులు తెరచియున్నవను ప్రశ్నయే ముఖ్యము. 2019 అక్టోబరులో ఈ సంస్థలు ప్రభుత్వమునకు చెల్లింపవలసిన పాత బాకీలపై సుప్రీంకోర్టు తీర్పీయగా, డిసెంబరులో మిగిలియున్న ముగ్గురు ప్రైవేటు వ్యాపారులును ఇంచుమించు ఒకే సమయమున ధరలు పెంచిరి. బాకీలలో కొంత వాటాలుగా మారగా, 2025 నాటికి విలీన సంస్థయైన వొడాఫోన్ ఐడియాలో దాదాపు 49 శాతము ప్రభుత్వముదే యైనది. తరంగములు అమ్మునదియు, బాకీ రాబట్టునదియు, పోటీని కాపాడవలసినదియు, వాటాదారును ప్రభుత్వమే యగుట నన్ను మిక్కిలి కలవరపెట్టుచున్నది.

నంబరు మారకుండ సంస్థను మార్చుకొను హక్కు 2011 నుండి దేశమంతట కలదు. ముప్పది దినముల ప్యాకొకటైనను ఉంచవలెనని టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్ 2022లో ఆజ్ఞాపించినది. ఆ గృహిణియు మారదలచి, ఏది మేలని అంగడివానిని అడిగెననుకొందము. అతడు చెప్పదగినది ఇంతియే: "ఈ ఊళ్లో సిగ్నలు రెండిటికేనమ్మా. ఒకటి మీ చేతిలోనే ఉంది."