నాడె తన్నే తన్ను

బడి సైన్సు పాఠాల్లో ఒక పిస్తోలు లెక్క ఉంటుంది. 20 గ్రాముల గుండు సెకనుకు 150 మీటర్ల వేగంతో బయటికి పోతే 2 కిలోల పిస్తోలు ఎంత వేగంతో వెనక్కి తంతుంది? జవాబు సెకనుకు ఒకటిన్నర మీటర్లు. అంతటితో పాఠం అయిపోతుంది. కానీ సోలాపూర్‌లో, పూర్వ భాగ్ అని పిలిచే తెలుగు పేటల్లో ఈ లెక్క చెబితే అంత తేలిగ్గా అయిపోదు. "సార్, తుపాకి గుండు బయటికి పోతది, అందుకే తుపాకి తంతది. మా సాంచాల నాడె బయటికి పోదు గదా, అటు నుంచి ఇటొచ్చి అదే సాంచాల ఆగుతది. మరి నేల ఎందుకు అదురుతది?" అని అడిగే పిల్లలు అక్కడుంటారు. (సాంచా అంటే మరమగ్గం, నాడె అంటే అందులో అటూ ఇటూ పోతూ పేక దారాన్ని పరిచే షటిల్.) పుస్తకంలోని లెక్క కంటే ఈ ప్రశ్నే గట్టిది.

కన్నా చౌక్, అశోక్ చౌక్, సాఖర్ పేఠ్ సందుల్లో నడిస్తే ఆ అదురు పాదాలకే తెలుస్తుంది. 1877లో సోలాపూర్‌లో మొదటి నూలు మిల్లు మొదలైంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో నిజాం రాజ్యపు తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీ కుటుంబాలు పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. మగవాళ్ళు మగ్గాల మీద, ఆడవాళ్ళు బీడీల చేటల ముందు. ఇంటికీ కార్ఖానాకూ మధ్య ఒక్క గోడే ఉన్న బతుకులు. సోలాపూర్ చద్దరు, సోలాపూర్ టవల్ దేశమంతా తెలిసినవే, రెండింటికీ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వాటిని నేసిన సాంచాల లోపల క్షణక్షణం పేలే తుపాకి సంగతి మాత్రం బయటివాళ్ళకు పెద్దగా తెలియదు.

తుపాకి అన్నది అతిశయోక్తి కాదు. లెక్క వేసి చూడవచ్చు. పేక నూలు చుట్టిన కండెతో కలిపి నాడె బరువు సుమారు అరకిలో. అది పడుగు దారాల మధ్య నుంచి సెకనుకు పన్నెండు మీటర్ల వేగంతో దూసుకుపోతుంది. బరువును వేగంతో హెచ్చిస్తే వచ్చే ద్రవ్యవేగం 6. మన సైన్యం ఏళ్ళ తరబడి వాడిన ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ గుండు తొమ్మిదిన్నర గ్రాములు, వేగం సెకనుకు 820 మీటర్ల దరిదాపు. దాని ద్రవ్యవేగం 8కి కాస్త తక్కువ. ఆ తర్వాత వచ్చిన ఇన్సాస్ గుండుది నాలుగు లోపే. అంటే చద్దరు నేసే నాడె ఒక్కో పోటుకు, అంటే ఒకసారి దాటినప్పుడల్లా, సాంచాను తన్నే తన్ను ఈ రెండు సైనిక రైఫిళ్ళ గుండ్ల తన్నుకూ నడిమధ్యన ఉంది. నిమిషానికి 150 పోట్లు వేసే సాంచా ఒక షిఫ్టులో పన్నెండు గంటలు ఆగకుండా నడిస్తే లక్షకు పైగా తూటాలు పేల్చినట్టే.

అయితే ఎస్‌ఎల్‌ఆర్ గుండు మనిషిని చంపుతుంది, నాడె వేలికి తగిలితే వాచిపోతుంది. తేడా శక్తిలో ఉంది. నాడె గతిజ శక్తి 36 జౌళ్ళు, గుండుది మూడు వేలకు పైనే. అవతలివాడికి తగిలే గాయం శక్తిని బట్టి ఉంటుంది. పేల్చినవాడి భుజానికి తగిలే తన్ను ద్రవ్యవేగాన్ని బట్టి వస్తుంది. నెమ్మదిగా పోయే బరువైన నాడె, వాయువేగంతో పోయే చిన్న గుండు దాదాపు ఒక్కలా తన్నేది అందుకే.

ఇప్పుడు పిల్లవాడి ప్రశ్న. నాడెను ఎడమ పెట్టె నుంచి కుడికి తోసినప్పుడు సాంచా ఎడమకు తన్ను తింటుంది. కుడి పెట్టెలో ఆపినప్పుడు కుడికి. వెంటనే అక్కడి నుంచి ఎడమకు తోస్తే మళ్ళీ కుడికే. ఎడమ పెట్టెలో ఆపితే ఎడమకు. ఎడమ, కుడి, కుడి, ఎడమ: ఇదీ తన్నుల వరస. మొత్తం కూడితే సున్నా. ఎంతసేపు నడిచినా సాంచా ఒక్క అంగుళం కూడా జరగదు. కానీ తన్నులన్నీ ఒక్క క్షణంలో పడవు కదా. సెకనుకు అయిదు తన్నులు, ఒకదాన్నొకటి రద్దు చేసుకునే లోపే ఇనుప కాళ్ళ గుండా నేలలోకి దిగిపోతాయి.

తుపాకి తన్నును తగ్గించేందుకు వేటగాళ్ళు, సైనికులు పట్టిన దారులు మూడు. మొదటిది తుపాకి బరువు పెంచడం. ఆఫ్రికాలో ఏనుగుల వేట కోసం తయారైన .458 వించెస్టర్ మాగ్నమ్ లాంటి తూటా ద్రవ్యవేగం 20 దాటుతుంది, తేలికపాటి తుపాకిలో పెట్టి పేలిస్తే భుజం కదిలిపోతుంది. అదే తన్నుకు తుపాకి బరువు రెట్టింపైతే అది వెనక్కి తన్నే వేగం సగమవుతుంది, భుజం మింగాల్సిన శక్తి కూడా సగమే. రెండోది గొట్టం చివర బ్రేకు. గుండు వెనకాలే దూసుకొచ్చే మందు పొగను పక్కలకూ వెనక్కూ మళ్ళిస్తే, ఆ పొగే తుపాకిని ముందుకు లాగుతుంది. మూడోది భుజానికి ఆనే తుపాకి మడమకు రబ్బరు మెత్త. అది తన్నును తగ్గించదు, ఎక్కువసేపు పరుస్తుంది. గుండు గొట్టంలో ఉండేది ఒక మిల్లీసెకనుకు కాస్త ఎక్కువ. ఆ కొద్ది సమయంలో పుట్టిన తన్నును మెత్త పదింతల సమయానికి సాగదీస్తే భుజం దాన్ని తోపుగా భావిస్తుంది, దెబ్బగా కాదు. లారీ మీద నుంచి జారిన నూలు మూటను హమాలీ మోకాళ్ళు వంచి అందుకోవడంలో ఉన్నదీ ఇదే లెక్క.

సాంచాకు మొదటి దారి పుట్టుకతోనే ఉంది. టన్నుకు అటూఇటూగా ఉండే ఇనుప చట్రానికి ద్రవ్యవేగం 6 అంటే సెకనుకు కొన్ని మిల్లీమీటర్ల కదలిక. అసలు గండం చట్రానికి కాదు. నాడె ముక్కుకు, దాన్ని కొట్టే పికర్‌కు, కండె మీది నూలుకు. నాడెను ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఆపితే సగటున 18 కిలోల బరువంత ఒత్తిడి చాలు. ఒక్క సెంటీమీటరులో ఆపాలంటే 360 కిలోలు కావాలి. అలా ఆగిన నాడె గోడకు కొట్టిన బంతిలా వెనక్కి ఎగిరి పడుతుంది. లోపలి కండె మీద నుంచి నూలు చుట్లు గుత్తిగా జారి, తర్వాతి పోటులో ఉండలా చద్దరులోకి నేయబడతాయి. అదీ కాక, వెనక్కి ఎగిరిన నాడెకూ పికర్‌కూ మధ్య వేలెడు సందు మిగులుతుంది. తర్వాతి దెబ్బ ఆ సందు దాటాకే తగులుతుంది, నాడె ఆలస్యంగా బయల్దేరుతుంది, అవతలి పెట్టె చేరేలోపు పడుగు మూసుకుపోతుంది.

ఈ గండాన్ని దాటించేది స్వెల్ అనే చిన్న నాలుక. నాడె పెట్టె పక్క గోడలో, ఒక కొసన మేకుతో తిరిగేలా బిగించి ఉంటుంది. స్ప్రింగు దాన్ని లోపలికి నొక్కుతుంది. నాడె పెట్టెలోకి చొరబడగానే స్వెల్‌ను పక్కకు ఒత్తుకుంటూ, రాసుకుంటూ పోవాలి. ఆ రాపిడిలో వేగం కొంత పోతుంది. మిగిలినది పికర్, దాని వెనక తోలు బద్దీలు మింగుతాయి. పాత సాంచాల్లో పికర్ గేదె పచ్చి తోలుతో, నూనెలో నానబెట్టి చేసేవాళ్ళు. సాంచాలను సరిచేసే జాబర్ కొత్త పికర్ బిగించేటప్పుడు నాడె ఉక్కు ముక్కు సరిగ్గా ఎక్కడ తగులుతుందో గుర్తు పెట్టి, అక్కడ చిన్న గుంట తొలుస్తాడు. గుంట పక్కకు జరిగితే నాడె వంకరగా బయల్దేరి సాంచా దాటి ఎగిరిపోతుంది.

స్వెల్ చేసేది బ్రేకు పనొక్కటే అయితే ఇంత మోజు పడాల్సింది లేదు. అది కాపలాదారు కూడా. నాడె వచ్చి స్వెల్‌ను పక్కకు నెట్టినప్పుడు, ఆ కదలికే ఒక కడ్డీని తిప్పి దాని చివరి కత్తి లాంటి ఇనుమును పైకి లేపుతుంది. నాడె రాకపోతే కత్తి లేవదు. అప్పుడు పేక దారాన్ని బట్టలోకి కొట్టే దువ్వెన, అంటే పన్నె, ముందుకు వచ్చే సమయానికి కత్తి చట్రం మీది ఉక్కు దిమ్మెకు గుద్దుకుంటుంది, సాంచా ఒక్క దెబ్బతో ఆగిపోతుంది. పడుగులో ఇరుక్కున్న నాడె వందలాది దారాలను తెంపకుండా కాపాడిన దెబ్బ అది. పెద్ద చప్పుడు, చట్రమంతా వణుకు. సాంచా తినే తన్నుల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. అందుకే దిమ్మె వెనక బలమైన స్ప్రింగు పెట్టడం మొదలైంది.

చిక్కేమిటంటే, స్వెల్ స్ప్రింగు గట్టిగా బిగిస్తే నాడె బాగా ఆగుతుంది, కానీ తర్వాతి పోటుకు బయటికి లాగడానికి కూడా అంతే బలం కావాలి. పికర్‌ను తోసే పికింగ్ కర్ర ఎక్కువ వంగుతుంది, దెబ్బ పెరుగుతుంది, ఆ పెరిగిన వేగాన్ని అవతలి స్వెల్ ఆపాలి. వదులు చేస్తే నాడె ఎగిరి పడుతుంది. బరువు కూడా ఒక్కలా ఉండదు: నిండు కండె వేసినప్పటి నాడె వేరు, ఖాళీ కావస్తున్నప్పటిది వేరు. పైగా చద్దరు పేక నూలు లావు. సన్న పంచె నేసే కండె చాలాసేపు వస్తే, చద్దరు కండె ఇట్టే అయిపోతుంది. పెద్ద కండె పెట్టాలంటే పెద్ద నాడె కావాలి, పెద్ద నాడె అంటే పెద్ద క్యాలిబర్. కొన్ని సాంచాల్లో దెబ్బకు ముందు క్షణం స్వెల్ ఒత్తిడిని తానుగా సడలించే ఏర్పాటు చేశారు. ఆపేటప్పుడు గట్టి పట్టు, వదిలేటప్పుడు మెత్త పట్టు.

ఈ కాపలా పద్ధతికి పోటీ ఒకటి పుట్టింది. 1842 ప్రాంతంలో లాంకషైర్ సాంచాను తీర్చిదిద్దిన జేమ్స్ బులో, విలియం కెన్‌వర్తీల కాలంనాటి ఆలోచన: సాంచాను దబ్బున ఆపడమెందుకు, నాడె ఇరుక్కుంటే పన్నెనే వెనక్కి మడిచిపోనిస్తే సరిపోదా? పన్నె కిందివైపు వదులుగా ఉంచి, దారాన్ని కొట్టే క్షణంలో మాత్రం బిగుసుకునేలా చేశారు. దీన్ని లూజ్ రీడ్ అన్నారు, పాతదాన్ని ఫాస్ట్ రీడ్ అన్నారు. లూజ్ రీడ్ సాంచా వేగంగా పరుగెత్తుతుంది, ఆ భయంకరమైన ఆగుదెబ్బ ఉండదు. కానీ లావు పేకను గట్టిగా బాదాలంటే వదులు పన్నె లొంగిపోతుంది. పల్చటి బట్టకు లూజ్ రీడ్, బరువైన బట్టకు ఫాస్ట్ రీడ్ అని మిల్లులు పంచుకున్నాయి.

ఆ తర్వాతి కథ త్వరగా నడిచింది. 1890లలో అమెరికాలో నార్త్రప్ సాంచా, నడుస్తుండగానే నాడెలోని ఖాళీ కండెను సుత్తితో తోసేసి కొత్తది దించింది. దానికి నాడె ఎప్పుడూ సరిగ్గా ఒకే చోట ఆగి తీరాలి, కాబట్టి ఎగిరిపాటును అదుపు చేయడం మరీ ముఖ్యమైంది. 1924లో సకిచి టొయోడా జపాన్‌లో ఆగకుండా నాడెనే మార్చే సాంచా తెచ్చాడు. తర్వాత దాని హక్కులను ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు కొన్నారు. 1950లలో స్విట్జర్లండ్ సుల్జర్ కంపెనీ తుపాకి లెక్కనే తిరగేసింది. అరకిలో నాడె బదులు, దారం కొసను పట్టుకుపోయే 40 గ్రాముల ఉక్కు తూటా. వేగం రెట్టింపైనా ద్రవ్యవేగం 1 దగ్గరే. క్యాలిబర్ తగ్గిస్తే తన్ను తగ్గుతుంది. ఆ వెనకే దారాన్ని చేత్తో లాగినట్టు లాగే రేపియర్, గాలితో ఊదే ఎయిర్‌జెట్ వచ్చాయి. సోలాపూర్ కార్ఖానాల్లోనూ నాడె లేని మగ్గాలు అడుగుపెట్టాయి.

నాడె పోయింది కాబట్టి నేల అదరడం ఆగిందనుకుంటే పొరపాటు. పన్నెను ముందుకూ వెనక్కూ ఊపే బరువైన పలక ఎక్కడికీ పోలేదు. దాని తన్ను వేగానికి వర్గంగా పెరుగుతుంది: నిమిషానికి పోట్లు రెట్టింపైతే తన్ను నాలుగు రెట్లు. ఎడమ కుడిల అదురు తగ్గి, ముందు వెనకల అదురు పెరిగింది. కొత్త మగ్గం కొన్న కార్ఖానాదారు ఇప్పుడు స్వెల్ స్ప్రింగుల గురించి అడగడు. మగ్గం కాళ్ళ కింద వేసే రబ్బరు ప్యాడ్లు ఎంత మందం ఉండాలి, బోల్టులు కాంక్రీటులోకి ఎంత లోతు దిగాలి అని అడుగుతాడు.