క్యాన్సర్‌ను నడిపించే ప్రొటీన్లు

మన కంటిలోని కణానికీ, కాలేయ కణానికీ ఉన్నవి అవే జన్యువులు, దాదాపు 20,000. అయినా కన్ను పైత్యరసం తయారుచేయదు, కాలేయం వెలుగును గుర్తించదు. ఏ కణంలో ఏ జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేయాలో నిర్ణయించే ప్రొటీన్లు ఉన్నాయి. వాటిని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. మన శరీరంలో ఇవి సుమారు 1,600 రకాలు. కాలువ మీద లస్కరు ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసుకున్నట్టే, ఇవి డీఎన్‌ఏ మీద తమకు తగిన చోట అతుక్కుని దగ్గరి జన్యువులను పనిలోకి దించుతాయి, లేదా ఆపేస్తాయి. ఈ అదుపు తప్పడమే చాలా క్యాన్సర్లకు మూలం.

ఉగాండాలో పనిచేసిన ఐరిష్ సర్జన్ డెనిస్ బర్కిట్, పిల్లల దవడల్లో అతివేగంగా పెరిగే కణితుల గురించి 1958లో వైద్యలోకానికి తెలియజేశాడు. ఆయన పేరే పెట్టిన ఆ లింఫోమా అనే క్యాన్సర్ గుట్టు 1982లో బయటపడింది. బి-లింఫోసైట్ అనే తెల్లరక్తకణంలో 8వ క్రోమోజోమ్ ముక్క తెగి, ఎక్కువమంది రోగుల్లో 14వ క్రోమోజోమ్‌కు అతుక్కుంటుంది. ఆ ముక్కలో మిక్ అనే జన్యువు ఉంది. దాని నుంచి పుట్టే ప్రొటీన్, కణం పెరగడానికీ విభజన చెందడానికీ కావలసిన జన్యువులను పెద్ద సంఖ్యలో పనిచేయిస్తుంది. మామూలుగా అది అవసరమైనప్పుడే తయారై కొద్దిసేపట్లోనే నశిస్తుంది. ఇక్కడ మాత్రం మిక్ జన్యువు యాంటీబాడీ జన్యువుల పక్కన చేరింది. బి-కణంలో ఆ జన్యువులకు విశ్రాంతి ఉండదు కాబట్టి మిక్‌కూ ఉండదు. జన్యువు చెడిపోకపోయినా, చోటు మారినందుకే కణం ఆగకుండా విభజన చెందుతుంది.

విభజనను ఆపవలసిన ప్రొటీన్ పనిచేయకపోయినా ఫలితం అంతే. 1979లో గుర్తించిన పీ53ని పదేళ్ల పాటు క్యాన్సర్ కారకమనే అనుకున్నారు. అది క్యాన్సర్‌ను అణచే ప్రొటీన్ అని 1989లో తేలింది. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు పీ53 విభజనను ఆపే జన్యువులను, మరమ్మతు చేసే జన్యువులను లేపుతుంది. బాగుచేయలేనంత దెబ్బ అయితే కణం తనంతట తానే చనిపోయేలా చేస్తుంది. మనుషుల్లో వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ ప్రొటీన్ జన్యువు పాడై ఉంటుంది.

పుట్టినచోటే ఉన్న కణితిని చాలావరకు కోసి తీసేయవచ్చు. ప్రాణాల మీదికి తెచ్చేది ఎక్కువగా అది ఇతర అవయవాలకు పాకడమే. పిండం రూపుదిద్దుకునేటప్పుడు కొన్ని కణాలు పక్క కణాలతో పట్టు వదులుకుని దూరంగా కదిలివెళ్లాలి. స్నెయిల్, ట్విస్ట్ అనే ప్రొటీన్లు ఆ పని చేయిస్తాయి. స్నెయిల్ అయితే, కణాలను కలిపి ఉంచే ఇ-క్యాడ్‌హెరిన్ జన్యువును నేరుగా ఆపేస్తుంది. పుట్టాక చాలా కణజాలాల్లో వీటికి పెద్దగా పని ఉండదు. పాకడానికి కణితి వీటిని మళ్లీ నిద్రలేపుతుంది. ఎలుకల్లో ట్విస్ట్‌ను అణిచినప్పుడు రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడం బాగా తగ్గిందని అమెరికాలో రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం 2004లో చూపింది.

కణితి పెద్దదయ్యేకొద్దీ లోపలి కణాలకు ఆక్సిజన్ చాలదు. అప్పుడు హిఫ్ అనే ప్రొటీన్ నిలదొక్కుకుని, కొత్త రక్తనాళాలు మొలిపించే జన్యువులను పనిచేయిస్తుంది. కణాలు ఆక్సిజన్ కొరతను ఎలా పసిగడతాయో విప్పిచెప్పిన ముగ్గురికి 2019లో వైద్య నోబెల్ దక్కింది.

ఈ జ్ఞానం చికిత్సకు ఎలా పనికొస్తుంది? బర్కిట్ ఆ లింఫోమా పిల్లలకు వాడిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన అమెరికా ప్రయోగశాల నుంచి వచ్చిన మందు అది. ఎన్నో ప్రాణాలు నిలిపింది. కానీ అది వేగంగా విభజన చెందే మంచి కణాలనూ దెబ్బతీస్తుంది. క్యాన్సర్‌ను నడిపించే ప్రొటీన్‌నే పట్టుకుంటే ఆ బాధ తగ్గుతుంది. అయితే ఇలాంటి ప్రొటీన్లలో చాలావాటికి మందు ఇమిడే గుంట ఉండదు. అందుకే మిక్‌కు నేటికీ సరైన మందు రాలేదు. అయినా విజయాలు ఉన్నాయి. అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా ఒకప్పుడు రోజుల్లో ప్రాణం తీసేది. రెండు జన్యువులు అతుక్కోవడం వల్ల పుట్టే వికృత ప్రొటీన్ దానికి కారణం. విటమిన్-ఎ నుంచి వచ్చిన ట్రెటినాయిన్, దానికి తోడు ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ ఆ ప్రొటీన్‌నే నాశనం చేస్తాయి. ఈ రెండు మందులతో నేడు చాలామందికి పూర్తిగా నయమవుతోంది. హిఫ్ రకాల్లో ఒకదాన్ని అడ్డుకునే బెల్జుటిఫాన్‌కు అమెరికాలో 2021లో అనుమతి లభించింది.

ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లలో మనకు అన్నిటికన్నా దగ్గరిది ఈస్ట్రోజన్ రిసెప్టర్ (ఈఆర్). హార్మోన్ తగలగానే డీఎన్‌ఏను పట్టుకుని రొమ్ము కణాలను పెంచే ప్రొటీన్ ఇది. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 70 శాతం దీని మీదే ఆధారపడతాయి. వాటికి టామాక్సిఫెన్ వంటి మాత్రలు ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ అని తేలితే, బయాప్సీ ముక్క మీద ఈఆర్ పరీక్ష చేశారా అని డాక్టరును తప్పక అడగండి. పాజిటివ్ అని వచ్చి మాత్రలు రాస్తే, కనీసం అయిదేళ్లు వాడవలసి ఉంటుంది. ఒంట్లో బాగానే ఉంది కదా అని డాక్టరును అడగకుండా మధ్యలో మానకండి.