గట్టిపడిన గుండె

మోట కొట్టి పొలము పారించిన దినములను నందిపేట్ ప్రాంతపు ముసలివారు నేటికిని తలచుకొందురు. తోలు బొక్కెన మెత్తగా ఉన్నంతవరకు బావిలో దిగగానే విచ్చుకొని నిండుగా నీరు పట్టెడిది. ఎండకు వదలిన తోలు బిరుసెక్కును. అట్టి బొక్కెన చిరిగిపోకున్నను విచ్చుకొనదు. ఎద్దులెంత బలముగా లాగినను పైకి వచ్చు నీరు కొంచెమే. మానవుని గుండెకును ఇట్టి స్థితి కలుగవచ్చును. దానికి కారణమగు వ్యాధులలో ఒకటి హృదయ అమైలాయిడోసిస్.

గుండె ముడుచుకొని నెత్తురును నెట్టునని విద్యార్థులందరును చదువుకొందురు. ముడుచుకొనుటకు ముందు అది సడలి నిండవలయుననుటయు అంతే ముఖ్యము. ఈ వ్యాధిలో ఒక మాంసకృత్తు సన్నని పోగులుగా మారి గుండె కండరపు కణముల నడుమ పేరుకొనును. గోడలు దళసరియై బిరుసెక్కును. గదులు సరిగా నిండవు. వెనుక ఒత్తిడి పెరుగుటచే ఆయాసము, కాళ్ళ వాపు కలుగును.

గంజి కాని గంజి

1854లో జర్మనీ శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్కో ఇట్టి పదార్థమునకు అయోడిన్ తగిలించి చూడగా రంగు మారెను. గంజిలో అయోడిన్ వేసినచో నీలమగుట బడిపిల్లలు ఎరిగినదే. కనుక ఇదియు అట్టిదే యని తలచి, పిండిపదార్థమునకు లాటిన్ పేరగు 'అమైలం' నుండి దీనికి అమైలాయిడ్ అని పేరిడెను. 1859లో ఫ్రీడ్రైక్, కెకులే అనువారు ఇది పిండిపదార్థము కాదని, మాంసకృత్తుల జాతికి చేరినదని చూపిరి. పొరపాటు తేలినను పేరు నిలిచిపోయెను.

మాంసకృత్తు ఒక పొడవైన గొలుసు వంటిది. సరియైన తీరున మడత పడినప్పుడే అది తన పని చేయును. మడత తప్పిన గొలుసులు ఒకదానికొకటి అతుక్కొని కరగని పోగులగును. మడత తప్పిన మాంసకృత్తు ఏదియో దానిని బట్టి వ్యాధి రకము నిర్ణయమగును.

ఒక రకము దీర్ఘరోగముల వెంట వచ్చును. నిజామాబాదు సమీపమున డిచ్‌పల్లిలో 1910 దశకమున ఇసబెల్ కెర్ అను వైద్యురాలు కుష్ఠు చికిత్సాలయమును నెలకొల్పెను. సరియైన మందులు లేని ఆ కాలమున కుష్ఠు, క్షయ వంటి రోగములు ఏండ్ల తరబడి సాగెడివి. అట్టి రోగులలో కొందరికి మూత్రపిండములలో అమైలాయిడ్ చేరును. ఈ రకము గుండెను అరుదుగా తాకును.

గుండెను పట్టునవి ముఖ్యముగా రెండు. మొదటిదానిలో ఎముకల మూలుగలోని ప్లాస్మా కణములు అదుపు తప్పి, ప్రతిరక్షకములలోని 'తేలిక గొలుసులను' మితిమీరి తయారుచేయును. రెండవదానిలో కాలేయము తయారుచేయు ట్రాన్స్‌థైరెటిన్ అను మాంసకృత్తు విడిపోయి పోగులు కట్టును. నాలుగు భాగములు కూడిన ఈ మాంసకృత్తు థైరాయిడ్ రసమును, విటమిన్ 'ఎ'ను మోయును. ఈ రకము ఎక్కువగా 60 ఏండ్లు దాటిన పురుషులలో కనబడును. కొన్ని కుటుంబములలో వంశపారంపర్యముగను వచ్చును.

గుర్తించు విధము

ఆయాసమునకు ఎన్నో ఏండ్లు ముందుగనే ఈ వ్యాధి చేతులలో జాడ చూపవచ్చును. మణికట్టు వద్ద నరము నొక్కుకొని రెండు చేతులకును తిమ్మిరి పట్టును. బీడీలు చుట్టు చేతులకు, చెరకు నరకు చేతులకు తిమ్మిరి వచ్చిన పని వలననే యని జనులు ఊరకుందురు. పెక్కుమారులు అది నిజమే. కాని చేతుల తిమ్మిరి గల పెద్దవానికి ఆయాసము కూడ తోడైనచో రెంటిని కలిపి ఆలోచింపవలెను. ఏండ్లుగా రక్తపు పోటుకు బిళ్ళలు మ్రింగినవానికి అవి లేకయే పోటు పడిపోవుట, నాలుక లావగుట, కండ్ల చుట్టు ఊదారంగు మచ్చలు కూడ సూచనలే.

తరువాత ఎకో పరీక్ష, ఇ.సి.జి. చేయుదురు. ఎకోలో గోడలు దళసరిగా కనబడును. కండరమే పెరిగియున్నచో ఇ.సి.జి.లో తరంగములు పెద్దవి కావలెను. కాని అమైలాయిడ్ పోగులు విద్యుత్తు పుట్టింపవు. గోడ దళసరిగా ఉండి తరంగములు చిన్నవైనచో వైద్యుడు అనుమానింపవలెను. ప్రతి రోగిలోను ఈ తేడా కనబడదు.

అనుమానము కలిగిన పిమ్మట తేలిక గొలుసుల కొరకు రక్తమును, మూత్రమును తప్పక పరీక్షింపవలెను. అవి సరిగా ఉన్నచో టెక్నీషియం పైరోఫాస్ఫేట్ అను స్వల్ప రేడియోధార్మిక పదార్థమును నరమున ఎక్కించి చిత్రము తీయుదురు. గుండె దానిని ఎక్కువగా పట్టినచో ట్రాన్స్‌థైరెటిన్ రకమని తేలును. రక్తపరీక్ష లేక ఈ చిత్రము నొక్కదానినే నమ్మరాదు. మొదటి రకములోను కొన్నిమారులు గుండె దానిని పట్టును. రక్తములో లోపమున్నచో పొట్ట కొవ్వు, మూలుగ, లేదా గుండె నుండి చిన్న ముక్క తీసి కాంగో ఎరుపు అను రంగు వేయుదురు. ధ్రువిత కాంతిలో చూడగా ఎర్రని అమైలాయిడ్ ఆకుపచ్చగా మెరయును.

చికిత్స

రకము తెలియనిదే మందు లేదు. తేలిక గొలుసుల రకము గుండెను బాగుగ పట్టినచో, చికిత్స లేనియెడల కొద్ది నెలలలోనే ప్రాణము తీయవచ్చును. దీనికి ప్లాస్మా కణములను అణచు మందులు వాడుదురు. బోర్టిజోమిబ్ మొదలగువానికి డారాటుమూమాబ్‌ను చేర్చు పద్ధతిని 2021లో అమెరికా అంగీకరించెను.

రెండవ రకమునకు టఫామిడిస్ అను మందు ట్రాన్స్‌థైరెటిన్ నాలుగు భాగములును విడిపోకుండ పట్టియుంచును. 441 మందిపై జరిగిన పరీక్ష ఫలితము 2018లో వెలువడెను. 30 నెలలలో ఉత్త బిళ్ళ తీసికొన్నవారిలో నూటికి సుమారు 43 మంది, మందు తీసికొన్నవారిలో సుమారు 30 మంది చనిపోయిరి. కాలేయములో ఈ మాంసకృత్తు తయారీనే తగ్గించు వుట్రిసిరాన్ 2025లో గుండె జబ్బునకు కూడ అంగీకారము పొందెను. ఇవి చాల ఖరీదైనవి. పైగా ఇవి క్రొత్త పోగులను ఆపునే గాని పేరుకొన్నవానిని తుడిచివేయజాలవు. కనుకనే తొందర.

వీనితోపాటు ఉప్పు తగ్గింతురు. నీటిని వెడలించు బిళ్ళలిత్తురు. బిరుసు గుండె ఒక్కొక్క కొట్టుడుకు పంపు నెత్తురు కొద్ది గనుక, వేగముగా కొట్టుకొనియే లోటు పూడ్చుకొనును. ఆ వేగమును తగ్గించు సాధారణ గుండె మందులు కొందరికి హాని చేయును. వ్యాధి పేరు తెలియక ఇచ్చిన మంచి మందే చెడు చేయుట ఇట్లు జరుగును.

ఆయాసపడు ముసలివారందరికిని ఈ వ్యాధి ఉండదు. కాని వయసు మీద పడినదని సరిపెట్టుకొనుటకు ముందు, చేతులకు తిమ్మిరి ఎప్పటినుండి యని అడుగుటకు ఖర్చు లేదు. ఆ ఒక్క ప్రశ్న ఇంట్లో మనుమడైనను అడుగవచ్చును. జవాబును వైద్యునికి చెప్పవచ్చును.