కడలి అడుగున అన్నపు లెక్క

ఆటు వేళ అండమాన్ మడ అడవులలో నీరు వెనుకకు తగ్గినప్పుడు కనిపించేది నల్లని అడుసు. చూచినవారు దానిని మురికిగా తలచి ముక్కు మూసుకొంటారు. కాని కడలి అడుగున జీవించే అసంఖ్యాక ప్రాణులకు ఆ అడుసే అన్నపు కుండ. కుండలో ఎంత ఉన్నదన్న దానినిబట్టే అక్కడ ఎవరు బ్రతకాలో, ఎవరు తొలగిపోవాలో నిర్ణయమవుతుంది.

సముద్రంలో సుమారు 200 మీటర్ల లోతు దాటితే మొక్కలు పెరగడానికి వెలుతురు చాలదు. కనుక అంతకు దిగువనున్న జీవులలో అత్యధిక భాగం పైనుండి రాలిపడే ఆహారం మీదనే ఆధారపడాలి. చచ్చిన ప్లవకాలు, జంతువుల విసర్జనలు మంచు తునకలవలె మెల్లగా దిగుతాయి. దారిలోనే సూక్ష్మజీవులు వానిలో చాలా భాగం ఆరగిస్తాయి. వేల మీటర్ల అడుగుకు చేరేది సాధారణంగా నూటికి ఒకటి రెండు పాళ్లే. అండమాన్ సముద్రపు లోతులలోని జీవులను 19వ శతాబ్ది చివర 'ఇన్వెస్టిగేటర్' నౌక వలలు దించి వెలికి తీసింది. ఆ నౌకలో వైద్యుడుగా, ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ ఆ విశేషాలను 1902లో గ్రంథంగా వెలువరించాడు.

లోతులలో కరవైతే, తీరాన సమృద్ధి. ఈ దీవులలో సుమారు 600 చదరపు కిలోమీటర్ల మేర మడ అడవులున్నవి. రాలిన ఆకులను పీతలు బొరియలలోకి ఈడ్చుకొనిపోతాయి. సూక్ష్మజీవులు వానిని కుళ్లబెట్టి మెత్తపరుస్తాయి. ఆ పిదప పురుగులు, గుల్లలు, రొయ్యలు విందు చేసుకొంటాయి. ఇసుకను మింగి అందులోని సేంద్రియ పదార్థాన్ని జీర్ణించుకొని, శుభ్రమైన ఇసుకను విడిచేవి సముద్ర దోసకాయలు. పొలంలో వానపాము చేసే సేవయే అది. 2001 నుండి చట్టం వీనికి రక్షణ కల్పించింది.

అయితే అతి సర్వత్రా వర్జ్యం. పియర్సన్, రోజెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞులు 1978లో ఈ సూత్రాన్ని స్పష్టపరిచారు. అడుసులో ఆహారం కొంత పెరిగితే జీవజాతులు పెరుగుతాయి. హద్దు మీరితే దానిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులే ప్రాణవాయువునంతా హరిస్తాయి. లోతుగా బొరియలు త్రవ్వి అడుసుకు గాలి ఆడించే పెద్ద ప్రాణులు ముందుగా నశిస్తాయి. 'కాపిటెల్లా' వంటి చిన్న పురుగులు మాత్రం వేల సంఖ్యలో మిగులుతాయి. చివరకు అవియును ఉండవు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే నల్లని బురద ఒక్కటే మిగులుతుంది.

ఈ లెక్కను ప్రకృతియే తారుమారు చేసిన సందర్భం 2004 డిసెంబరు 26 నాటి భూకంపం. ఉత్తర అండమాన్ తీరం పైకి లేచి, పగడపు దిబ్బలు నీరందక ఎండిపోయాయి. దక్షిణాన నికోబార్ నేల క్రుంగగా మడ చెట్లు మునిగి చచ్చిపోయాయి. అడుగుప్రాణులకు ఆహారం సమకూర్చే అడవులే అక్కడ మాయమైనవి.

మనిషి చేసే మార్పు ఇంత హఠాత్తుగా కనిపించదు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నగరపు మురుగు, నీరు త్వరగా మారని అఖాతాలలోకి చేరితే, అడుసు మోయగల బరువు దాటుతుంది. మడ అడవిని నరికితే ఆకు భిక్ష ఆగిపోతుంది. ఒకటి అజీర్తి, మరొకటి ఆకలి. జంగ్లీఘాట్ రేవున వలలు సర్దుకొనే తెలుగు జాలరులకు కూడా ఈ లెక్కతో సంబంధమున్నది. వారి వలలో పడే చేపలలో అనేకం ఆ అడుసులోని పురుగులను, రొయ్యలను తిని పెరిగినవే.